పంటి గారలో నీలం: చరిత్ర, సైన్స్, సంస్కృతి ఒకే సంచికలో కలిస్తే

జర్మనీ పశ్చిమ ప్రాంతంలోని డాల్‌హైమ్‌లో ఒకప్పుడు సన్యాసినుల మఠం ఉండేది. చిన్న మఠం, పెద్దగా పేరున్నదీ కాదు. 14వ శతాబ్దంలో మంటల్లో కాలిపోయింది. దాని గురించి చెప్పే రాతలు కూడా చాలా తక్కువే మిగిలాయి. అక్కడి శ్మశానంలో దొరికిన అస్థిపంజరాల్లో ఒకటి 45, 60 ఏళ్ల మధ్య వయసులో చనిపోయిన స్త్రీది. సుమారు క్రీ.శ. 1000, 1200 మధ్య బతికిన మనిషి. పేరు తెలియదు. ఆమె ఏం తినేదో చూద్దామని పరిశోధకులు పళ్ల మీది గారను పరీక్షకు తీసుకున్నారు. గట్టిపడిన పంటి గారలో మనిషి తిన్న గింజల పిండి రేణువులు, గాలిలో ఎగిరొచ్చిన పుప్పొడి వందల ఏళ్లపాటు నిలిచి ఉంటాయి. ఆ గారను కరిగించి మైక్రోస్కోప్ కింద పెడితే, ఎవరూ అనుకోనిది కనిపించింది. ముదురు నీలి రంగు రేణువులు.

ఆ నీలం లాపిస్ లాజులి అని 2019లో ప్రకటించారు. అప్పటి ఐరోపాకు ఆ రాయి వచ్చే దారి ఒక్కటే. నేటి అఫ్ఘానిస్థాన్‌లోని బదఖ్షాన్ కొండల గనుల్లో తవ్వి, వర్తకుల చేతులు మారుతూ వేల కిలోమీటర్లు ప్రయాణించి చేరాలి. చేరాక కూడా రాయిని ఊరికే నూరితే ఆ రంగు రాదు, బూడిదరంగు పొడి మిగులుతుంది. ఆ పొడిని మైనం, జిగురు, నూనెలతో ముద్ద చేసి, క్షారపు నీళ్లలో పిసికి పిసికి నీలాన్ని మాత్రం విడదీయాలి. అందుకే అది బంగారంతో పోటీపడే ధర పలికేది. దాన్ని అల్ట్రామెరైన్ అన్నారు, అంటే సముద్రానికి ఆవలిది. అంత విలువైన రంగును ఆరితేరిన లేఖకులకు, చిత్రకారులకు మాత్రమే అప్పగించేవారు. మరి అది మారుమూల మఠంలోని ఒక స్త్రీ నోట్లోకి ఎలా వచ్చింది?

పరిశోధకులు నాలుగు దారులు ఆలోచించారు. రాతప్రతులకు బొమ్మలు వేసేటప్పుడు కుంచె మొన సన్నగా రావడానికి నాలుకతో తడుపుకుని ఉండవచ్చు. వేరే చిత్రకారుల కోసం రంగు నూరి ఉండవచ్చు. ఆ రాతిపొడిని మందుగా మింగి ఉండవచ్చు. భక్తితో బొమ్మలున్న పుస్తకాన్ని పదే పదే ముద్దాడి ఉండవచ్చు. రేణువులు గారలో వేర్వేరు చోట్ల, అంటే వేర్వేరు కాలాల్లో చేరినట్టు ఉండటం వల్ల, కుంచె తడిపిన చిత్రకారిణి అన్న వివరణే ఎక్కువ సరిపోతుందని వాళ్ల నిర్ణయం. మధ్యయుగపు లేఖకుల్లో చాలామంది వినయం కోసం సంతకం పెట్టేవారు కాదు. సంతకం లేని ప్రతులన్నీ సన్యాసులవే అని అనుకోవడం తరవాతి కాలానికి అలవాటైంది. ఆ అలవాటును ఒక పన్ను కదిలించింది.

చరిత్ర, సైన్స్, సంస్కృతి ఈ మూడింటినీ కలిపి నడిపే పత్రికలు పాఠకుణ్ణి ఎందుకు పట్టి కూర్చోబెడతాయో చెప్పడానికి ఈ ఒక్క కథనం చాలు. ఇందులో ఏ భాగాన్ని ఏ శాస్త్రానికి అప్పగించాలి? రేణువు ఏమిటో తేల్చింది భౌతిక, రసాయన శాస్త్రాలు. ఆ రాయి ఏ దారిన వచ్చిందో చెప్పింది వాణిజ్య చరిత్ర. కుంచె నోట్లో పెట్టుకోవడం, సంతకం పెట్టకపోవడం సంస్కృతికి చెందిన సంగతులు. వీటిలో ఏ ఒక్కటి తీసేసినా మిగిలేది ఒక నీలి చుక్కో, ఒక పాత ఎముకో మాత్రమే. ఒక శాస్త్రం తన దగ్గర జవాబు అయిపోయిన చోట ప్రశ్నను పక్కింటికి అందిస్తుంది. పాఠకుడికి ఒళ్లు గగుర్పొడిచేది సరిగ్గా ఆ అందించే క్షణంలోనే. మూడు అంగళ్ల సరుకు ఒకే గంపలో దొరకడం అనే సౌకర్యం దీనితో పోలిస్తే చాలా చిన్న విషయం.

ఇక్కడ ఒక పక్కదారి పట్టాలి, ఎందుకంటే ఇలాంటి పత్రికలు చేసేదే అది. ఆ రేణువులను గుర్తుపట్టడానికి వాడిన పద్ధతుల్లో ఒకటి రామన్ స్పెక్ట్రోస్కోపీ. వస్తువు మీద ఒకే రంగు కాంతిని వేస్తే, చెదిరి తిరిగొచ్చే కాంతిలో కొద్ది భాగం రంగు మార్చుకుని వస్తుంది. ఆ మార్పు ఒక్కో పదార్థానికి ఒక్కో తీరుగా ఉంటుంది, వేలిముద్ర లాగా. సి.వి. రామన్ దీన్ని కనుగొన్నది 1928 ఫిబ్రవరి 28న. కానీ ఆయన ఆలోచన మొదలైంది 1921లో, ఐరోపాకు చేసిన ఓడ ప్రయాణంలో, మధ్యధరా సముద్రపు నీలాన్ని చూసినప్పుడు. సముద్రం నీలంగా ఉండటం ఆకాశపు ప్రతిబింబం వల్లే అన్న అప్పటి వివరణ ఆయనకు నచ్చలేదు. చేతిలోని చిన్న పట్టకంతో ఆ ప్రతిబింబాన్ని కట్టడి చేసి చూసినా నీలం పోలేదు. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని తేల్చి, అదే ఏడాది నేచర్ పత్రికకు రాశారు. సముద్రపు నీలం మీద పుట్టిన ప్రశ్న, చివరికి ‘సముద్రానికి ఆవలి’ నీలాన్ని ఒక అనామక స్త్రీ పంట్లో గుర్తుపట్టింది. ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఈ రెండూ పక్కపక్కన ఉండే అవకాశం లేదు. భౌతికశాస్త్రం పుస్తకంలో మఠం ఉండదు, మధ్యయుగ చరిత్ర పుస్తకంలో రామన్ ఉండడు.

ఈ కలగలుపు ఇవాళ్టి పత్రికలు కనిపెట్టిన కొత్త పద్ధతేమీ కాదు. అసలు పత్రికలు మొదలైందే ఇలా. 1665 మార్చిలో లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ మొదటి సంచిక తెచ్చాడు. అందులో గురుగ్రహం మీద రాబర్ట్ హుక్ చూసిన మచ్చ ఉంది. దాని దగ్గరలోనే వికృత రూపంతో పుట్టిన ఒక దూడ గురించిన వార్త, బెర్ముడా దగ్గర తిమింగలాల వేట, సముద్రం మీద లోలకపు గడియారాలు పనిచేసిన తీరు, ఒక తోకచుక్క. పేజీ తిప్పితే ఆకాశం, ఇంకో పేజీ తిప్పితే పశువుల కొట్టం. దానికి రెండు నెలల ముందే పారిస్‌లో మొదలైన పండితుల పత్రికలోనూ కొత్త పుస్తకాల పరిచయాలు, న్యాయ విషయాలు, విజ్ఞాన విశేషాలు కలిసే ఉండేవి. జ్ఞానానికి గదులు కట్టడం తరవాత మొదలైంది. గదులు అవసరమే. అవి లేకపోతే లోతు రాదు, రామన్ ప్రభావమూ రాదు. కానీ గదులు పెరిగేకొద్దీ వాటి మధ్య నడవడానికి ఒక వసారా కావాల్సి వచ్చింది. పత్రిక ఆ వసారా.

1731లో లండన్‌లో ఎడ్వర్డ్ కేవ్ తన పత్రికకు మ్యాగజైన్ అని పేరు పెట్టాడు. పత్రికకు ఆ మాట వాడటం అదే మొదలు. మూలం అరబ్బీ ‘మఖ్జన్’, అంటే సరుకు దాచే కొట్టు. నానా రకాల సరుకు ఒకచోట అన్న అర్థంలో కేవ్ దాన్ని తీసుకున్నాడు. అయితే మంచి సంపాదకుడి చేతిలో పత్రిక కొట్టు కంటే చాలా ఎక్కువ అవుతుంది. కొట్టులో బస్తాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు.

సామాన్య పాఠకుణ్ణి ముందు పెట్టుకుని మొదలైన పత్రికలు క్రమంగా నిపుణుల చేతికి వెళ్లిపోవడమూ జరిగింది. 1869 నవంబరులో మొదలైన నేచర్ తన లక్ష్యాల్లో మొట్టమొదటిదిగా రాసుకున్నది సామాన్య ప్రజల ముందు విజ్ఞాన ఫలితాలను ఉంచడం. శాస్త్రజ్ఞులకు సాయపడటం రెండో లక్ష్యం. నేడు అందులోని పరిశోధన పత్రాల్లో ఎక్కువ భాగం ఆ రంగంలో ఉన్నవాళ్లకు తప్ప అంతుపట్టవు. ఇందులో తప్పు లేదు, విజ్ఞానం అంత లోతుకు వెళ్లింది. ఖాళీ అయిన చోటును వేరే పత్రికలు నింపాల్సి వచ్చింది. 1970 ఏప్రిల్‌లో మొదలైన స్మిత్‌సోనియన్ పత్రిక అలాంటిదే. దాని వెనకున్న సంస్థలో మ్యూజియంలు, పరిశోధన కేంద్రాలు, చిత్రశాలలు అన్నీ ఉన్నాయి కనుక, ఒకే సంచికలో ఏనుగుల ప్రవర్తన, పాత యుద్ధం, ఒక చిత్రకారుడి జీవితం ఉండటం దానికి సహజంగా కుదిరింది.

ఇటువంటి వ్యాసాన్ని కట్టడంలో ఒక పాత కిటుకు ఉంది. చేతికందే చిన్న వస్తువుతో మొదలుపెట్టి, దాన్ని వదలకుండా పట్టుకుని, ఊహకందని దూరానికి వెళ్లడం. 1868లో ఇంగ్లండ్‌లోని నార్విచ్ పట్టణంలో జీవశాస్త్రజ్ఞుడు థామస్ హక్స్‌లీ కార్మికుల ముందు చేసిన ఉపన్యాసం దీనికి ఇప్పటికీ గొప్ప ఉదాహరణ. అది ఆ ఏడాదే ఒక మాసపత్రికలో అచ్చయింది. వడ్రంగి జేబులో ఉండే సుద్దముక్కను తీసుకున్నాడు. మైక్రోస్కోప్ కింద ఆ సుద్ద లెక్కలేనన్ని బుల్లి గవ్వల పోగు. టెలిగ్రాఫ్ తీగ వేయడానికి అట్లాంటిక్ లోతు కొలుస్తున్న నావికులు సముద్రపు అడుగు నుంచి పైకి తీసిన బురదలోనూ అవే గవ్వలు. అంటే వాళ్ల ఊరి కింద ఉన్న సుద్ద నేల ఒకప్పుడు సముద్రపు అడుగు. అంత మందాన పేరుకోవడానికి ఎంత కాలం పట్టి ఉంటుందో విన్నవాళ్లే లెక్కేసుకోవచ్చు. వడ్రంగికి కూడా అర్థమయ్యేలా భూమి వయసు గురించిన ఆలోచన దాకా తీసుకెళ్లాడు. ‘తేలిగ్గా చెప్పడం’ అంటే విషయాన్ని పలచన చేయడం అనుకునేవాళ్లు ఆ సుద్దముక్కను తలుచుకోవాలి. అక్కడ పలచనైంది ఏమీ లేదు. తర్కంలోని ప్రతి మెట్టూ ఉంది. మెట్ల ఎత్తు మాత్రం మనిషి కాలికి అందేటట్టు ఉంది.

ఇంటర్నెట్‌లో వెతికితే ఇవన్నీ దొరుకుతాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. దొరుకుతాయి, వెతికితే. వెతకాలంటే దేనికోసమో ముందే తెలియాలి. పంటి గార గురించి ఎవరు వెతుకుతారు? చదివినదాన్నే పోలినదాన్ని మళ్లీ మళ్లీ చూపించే యంత్రం చరిత్ర ఇష్టపడేవాడికి చరిత్రనే, అందులోనూ ఒకే యుద్ధాన్ని చూపిస్తుంది. సంపాదకుడు దానికి ఎదురు చేస్తాడు. యుద్ధం కోసం వచ్చిన పాఠకుడి ముందు నాచు మొక్క గురించిన వ్యాసం పెట్టి, అది అతనికి నచ్చుతుందని పందెం కాస్తాడు. సంచికకు చివరి పేజీ ఉండటం కూడా చిన్న వరం కాదు. అయిపోయింది అనిపించే చదువు మనసులో ఊరుతుంది.

ఒక పత్రికను పదేళ్లు, ఇరవయ్యేళ్లు చదివినవాళ్లకు ఇంకో సుఖం ఉంది. అదే వస్తువు మళ్లీ మళ్లీ, ప్రతిసారీ కొత్త సంగతితో తిరిగి రావడం. గ్రీసులో ఆంటికైథెరా దీవి దగ్గర స్పాంజీల కోసం మునిగేవాళ్లకు 1900లో ఒక పురాతన నౌక శిథిలం కనిపించింది. విగ్రహాలతో పాటు పైకి వచ్చిన పచ్చబడ్డ కంచు ముద్దను మొదట ఎవరూ పట్టించుకోలేదు. 1902లో అందులో పళ్లచక్రం ఉన్నట్టు గమనించారు. 1959 జూన్‌లో విజ్ఞాన చరిత్రకారుడు డెరెక్ డి సోలా ప్రైస్ సైంటిఫిక్ అమెరికన్‌లో రాస్తూ, దాన్ని ప్రాచీన గ్రీకు కంప్యూటర్‌గా వర్ణించాడు. రెండువేల ఏళ్ల నాటి వస్తువుకు ఆ మాట వాడటానికి ధైర్యం కావాలి. 2005లో ఎనిమిది టన్నుల ఎక్స్‌రే యంత్రాన్ని ఏథెన్స్ మ్యూజియానికి తరలించి, 82 ముక్కల లోపలికి తొంగిచూశారు. 30 చక్రాలు మిగిలి ఉన్నాయి. గ్రహణాలు తిరిగి వచ్చే 223 చాంద్రమాసాల చక్రాన్ని లెక్కించే ముల్లు ఉంది. ఆకాశంలో చంద్రుడి వేగం కాస్త పెరగడం, తగ్గడం కూడా చూపించేలా మేకు, గాడితో అమర్చిన చక్రాల జత ఉంది.

ఇంతవరకూ ఇది ఇంజనీరింగ్ కథ. 2008లో చదవగలిగిన అక్షరాలు దాన్ని వేరే వైపు తిప్పాయి. ఒక చిన్న ముఖపలకం మీద ఒలింపియా, నెమియా, ఇస్త్మియా లాంటి క్రీడోత్సవాల పేర్లు ఉన్నాయి. నాలుగేళ్ల ఆటల క్యాలెండర్! గ్రహణాల లెక్క తెలిసినవాడు దాని పక్కనే ఆటల పండగ ఎప్పుడో గుర్తు పెట్టుకున్నాడు. మీద రాసిన నెలల పేర్లు కొరింథ్ నగరపు వాడుకకు చెందినవి కావడంతో, దాన్ని వాడిన జనం ఎవరన్న ప్రశ్నకు కొత్త తలుపు తెరుచుకుంది. పళ్లచక్రాల నిపుణుడు, ఖగోళ శాస్త్రజ్ఞుడు, గ్రీకు శాసనాలు చదివే పండితుడు ముగ్గురూ ఒకే కంచుముక్క చుట్టూ కూర్చోవాల్సి వచ్చింది. 1959 వ్యాసం చదివిన కుర్రాడు 2008 నాటికి ముసలివాడై ఉంటాడు. అతను చదివింది ఒకే కథకు రెండు అధ్యాయాలు, మధ్యలో దాదాపు అర్ధ శతాబ్దం.

బొమ్మల సంగతి చెప్పకుండా ఈ పత్రికల ఆకర్షణ గురించి మాట్లాడలేం. 1888లో మొదలైనప్పుడు నేషనల్ జియోగ్రాఫిక్ పొడి రాతల పత్రిక. 1905 జనవరి సంచికలో పేజీలు నింపడానికి సరుకు తక్కువైనప్పుడు సంపాదకుడు గిల్బర్ట్ గ్రోవ్‌నర్ టిబెట్‌లోని లాసా ఫోటోలు 11 పేజీల నిండా వేశాడు. ఉద్యోగం పోతుందని భయపడ్డాడు, జనం మెచ్చుకున్నారు. అక్కడి నుంచి ఆ పత్రిక అంటే ఫోటోలే అయ్యాయి. దూరదేశం ఇంట్లోకి వచ్చింది. కానీ ఎవరి కళ్లతో వచ్చింది? 2018 ఏప్రిల్ సంచికలో ఆ పత్రిక తన పాత సంచికలను ఒక చరిత్రకారుడి చేత పరీక్ష చేయించి, దశాబ్దాల పాటు తాము నల్లజాతివారిని, ఇతర దేశాల ప్రజలను చూపించిన తీరులో జాతివివక్ష ఉందని సొంత పేజీల్లోనే ఒప్పుకుంది. సంస్కృతి గురించి రాసే ఏ పత్రికకైనా ఇది అసలైన పరీక్ష. వింతగా చూపిస్తే చదువుతారు. కానీ వింతగా చూపించిన మనిషి రేపు ఆ పత్రిక కొని చదివితే, అందులో తనను తాను గుర్తుపట్టగలగాలి.

ఆకర్షణ ఉన్నచోటే ప్రమాదమూ ఉంటుంది. ముచ్చటగా కుదిరిన కథ నిజం కంటే వేగంగా నడుస్తుంది. మధ్యయుగంలో అందరూ భూమి బల్లపరుపుగా ఉందనుకునేవారని, కొలంబస్ వచ్చి ఆ భ్రమ పోగొట్టాడని ఎన్ని పత్రికలు అచ్చువేశాయో లెక్కలేదు. చదువుకున్నవాళ్లకు భూమి గుండ్రమని అప్పటికే తెలుసు. 13వ శతాబ్దం నుంచి విశ్వవిద్యాలయాల్లో అదే పాఠం చెప్పేవారు. కొలంబస్‌తో పండితులు గొడవపడింది భూమి ఎంత పెద్దదన్న లెక్క మీద, ఆ లెక్కలో తప్పింది కొలంబసే. బల్లపరుపు కథకు బాగా ప్రచారం తెచ్చింది 1828లో వచ్చిన ఒక కొలంబస్ జీవితచరిత్ర. అలాగే 1912లో బయటపడిన పిల్ట్‌డౌన్ మనిషి పుర్రె, మనిషికీ కోతికీ మధ్య తెగిన లంకె ఇదేనన్న కథకు ఎంత చక్కగా అమరిందంటే, అది మనిషి పుర్రెకు ఒరాంగుటాన్ దవడ జోడించి, పళ్లు అరగదీసి చేసిన మోసమని తేలడానికి 1953 దాకా పట్టింది.

అందుకే ఒక పత్రిక విలువను తూచడానికి దాని ముఖచిత్రం కంటే, అది ‘బహుశా’ అనే మాటను ఎక్కడ వాడుతుందో చూడటం మంచి పద్ధతి. డాల్‌హైమ్ కథను రెండు రకాలుగా రాయొచ్చు. ‘మధ్యయుగపు గొప్ప చిత్రకారిణి దొరికింది’ అని ఒక వాక్యంలో తేల్చేయొచ్చు. లేదా ఆ నాలుగు దారులనూ పాఠకుడి ముందు పెట్టి, ఏది ఎందుకు ఎక్కువ నమ్మదగినదో చూపించి, మిగతా మూడింటినీ పూర్తిగా మూసేయకుండా వదలొచ్చు. రెండో పద్ధతిలో ఉత్కంఠ తగ్గుతుందని కొందరు సంపాదకులు భయపడతారు. నిజానికి పెరుగుతుంది. తీర్పు విన్నవాడి కంటే సాక్ష్యం విన్నవాడు కుర్చీ అంచున కూర్చుంటాడు.

సాక్ష్యాన్ని పాఠకుడి చేతికిస్తే ఏం జరుగుతుందో చూపించే సంఘటన ఒకటి ఉంది. సైంటిఫిక్ అమెరికన్‌లో మార్టిన్ గార్డ్‌నర్ 1957 నుంచి గణిత వినోదాల శీర్షిక నడిపాడు. 1975 జూలైలో అతను తీసుకున్న విషయం, ఖాళీ లేకుండా నేలంతా పరచగలిగే అయిదు భుజాల పలకలు. ఒకే ఆకారపు కుంభాకార పంచభుజి పలకలతో అలా పరచడానికి ఎనిమిది రకాలే ఉన్నాయని 1968లో ఒక గణితవేత్త ప్రకటించాడు. గార్డ్‌నర్ ఆ ఎనిమిదింటినీ బొమ్మలతో వివరించాడు. వ్యాసం చదివిన ఒక పాఠకుడు తొమ్మిదోది కనిపెట్టి పంపాడు. ఆ సంగతి డిసెంబరు సంచికలో అచ్చయింది.

ఆ సంచిక కాలిఫోర్నియాలో మార్జరీ రైస్ అనే గృహిణి చేతిలో పడింది. ఇంటికి ఆ పత్రిక వచ్చేది కొడుకు చందా మీద. ఆమె గణితం చదివింది హైస్కూల్ వరకే. ఇంకా ఏమైనా మిగిలి ఉన్నాయా అని ఆమె వంటింటి గట్టు మీద కాగితం పెట్టుకుని గీయడం మొదలుపెట్టింది, ఎవరైనా వస్తే కాగితం మూసేసేది. గణితవేత్తల గుర్తులు తెలియవు కనుక కోణాలకు, భుజాలకు సొంత గుర్తులు తయారు చేసుకుంది. గార్డ్‌నర్ ఆమె ఉత్తరాన్ని పక్కన పెట్టకుండా డోరిస్ షాట్‌ష్నైడర్ అనే గణిత ఆచార్యురాలికి పంపాడు. ఆ వింత గుర్తులను అర్థం చేసుకోవడానికి ఆచార్యురాలికి కొంత సమయం పట్టింది, అర్థమయ్యాక అవి సరైనవని తేల్చింది. 1977 నాటికి రైస్ కనిపెట్టిన కొత్త రకాలు నాలుగు. మొత్తం రకాలు 15 అన్న నిరూపణ వచ్చింది 2017లో. ఆమె కనిపెట్టిన అమరికల్లో ఒకదాన్ని 1999లో వాషింగ్టన్‌లోని మ్యాథమెటికల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా కార్యాలయంలో, గుమ్మం దాటగానే ఉండే నేల మీద పలకలుగా పరిచారు. లోపలికి వెళ్లే గణితవేత్తలు దాని మీదుగానే నడవాల్సి వచ్చేది.